విన్నామె చెప్పాలె

గుమ్మం బయట మా పాప చెప్పులు లేవు. నాకు భయం మొదలైంది అక్కడే, ఆ మెట్ల మీదే. అంతకుముందు చాలా రోజులుగా ఏదో దిగులు ఉండేది, కానీ అది భయం కాదు. అసలు భయం ఆ చెప్పులు లేని చోటు చూశాకే తెలిసింది.

తలుపు తీసే ఉంది. లోపల అక్క తన కుర్చీలో కూర్చుని ఉంది. ఫోన్ మీదికి తల వంగి ఉంది. ఎదురుగా చాప, చాప మీద పాప బ్యాగు, పక్కన మూత తీసిన నీళ్ల సీసా. పాప లేదు.

"పాపేదక్కా?" అన్నాను.

"చదువుకుంటుంది గదా," అంది అక్క తల ఎత్తకుండానే.

"ఎక్కడ?"

అప్పుడు ఎత్తింది. ముందు నన్ను చూసింది. తర్వాత చాప వైపు చూసింది. తర్వాత మళ్లీ నన్ను.

"ఈన్నే ఉండె," అంది.

ఆ అక్క ఇప్పుడు లేదు. నిన్న మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మా పాత రీడింగ్ హాలు అమ్మాయిల గ్రూపులో మెసేజ్ వచ్చింది. హయత్‌నగర్‌లో తమ్ముడి ఇంటికి వెళ్లిందట, రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. గుండె అన్నారు. కింద వరసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు. ఆ చేతుల కిందే ఎవరో సిలబస్ మారిందంటూ ఏదో పంపారు, దాని కింద ఇంకొకరు "థ్యాంక్యూ అక్కా" అని పెట్టారు. ఆ థ్యాంక్స్ ఎవరికో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

ఈ పొద్దున పిల్లలకు చెప్పాను. ఇప్పుడు వాళ్లు నిద్రపోయారు, ఆయనది నైట్ షిఫ్టు. నాకు నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను. ఆమెను తలుచుకుంటే నాకు ఆ కుర్చీలో వంగిన తల ఒక్కటే గుర్తురావడం న్యాయం కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉండేది ఆమె హాలు. కింద టిఫిన్ సెంటరు, దాని పైన ఆడపిల్లల హాస్టలు, ఆ పైన రేకుల కింద అక్క. ప్లైవుడ్ ముక్కలతో విడగొట్టిన బల్లలు, బల్లకో ట్యూబులైటు. గ్రూప్స్ రాసేవాళ్లు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లు, టీచరు పోస్టుల కోసం ఎదురుచూసేవాళ్లు నెలకింతని కట్టి పొద్దున్నుంచి చీకటి పడేదాకా అక్కడే కూర్చునేవాళ్లం. అక్క ఎమ్మే చదివింది. వయసు దాటిపోయేదాకా తనూ గ్రూప్స్ రాసింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే "నోటిఫికేషన్ పడలే ఇంకా" అనేది.

మమ్మల్ని పేర్లతో పిలిచేది కాదు, ఊళ్లతో పిలిచేది. "ఏయ్ సూర్యాపేట, ఫ్యాన్ తగ్గియ్." "నకిరేకల్ ఇయ్యాల రాలేదేంది?" నన్ను గుంటూరు అనేది. మాది వనస్థలిపురం అక్కా, నేను పుట్టింది కూడా ఇక్కడే అని ఎంత చెప్పినా వినలేదు.

"వనస్థలిపురంల ఉంటే గుంటూరు పోతదా? నీ నోట్ల 'అండీ' పోయినంక చెప్పు, అప్పుడు మారుస్త."

లోపలికి వచ్చేటప్పుడు ఫోన్లు ఇచ్చేయాలి. వాటి కోసం ఒక పెద్ద హాట్‌ప్యాక్ ఉండేది, పెళ్లిళ్లలో చపాతీలు పెట్టేంతది. ఫోన్లన్నీ అందులో వేసి మూత తిప్పేది. లోపల ఏదైనా మోగితే గుర్రుమని చప్పుడు వచ్చేది, అందరం తలలెత్తేవాళ్లం. "ఉడకనియ్యుండ్రి," అనేది అక్క. "ఉడికినంక తిందురు."

చెప్పులు విప్పి, బల్లల వెనక చప్పుడు లేకుండా నడిచేది. మా ముఖాలు చూసేది కాదు, మెడలు చూసేది. చదివే మనిషి మెడ నిలవదట, పంక్తి పంక్తికీ సన్నగా కదులుతుందట. కదలని మెడ కనపడితే వెనక నుంచి వచ్చి చెవి దగ్గర మెల్లగా అనేది: "చూస్తున్నవ్. చదువుతలేవ్."

ఆమె మాత్రం దొరికిన ప్రతిదీ అడుగు దాకా చదివేది. నా పెళ్లి కార్డు ఇవ్వడానికి వెళ్తే గుమ్మంలో నిలబడే మొదలుపెట్టింది. నన్ను కూర్చోమనలేదు. మా తాతల పేర్లు, ఆయన తాతల పేర్లు, ఫంక్షన్ హాలు గుర్తులు, కింద మూలన చిన్నక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు దాకా చదివి అప్పుడు తలెత్తింది. "ముహూర్తం రాత్రి పెట్టిండ్రు. మళ్లొచ్చేటందుకు బస్సుంటదా?" అంది. అంతమందికి కార్డులు పంచాం, ఆ ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే.

అయితే ఆ హాలు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ఇవేవీ కాదు, సాయంత్రం టీ దగ్గర పద్ధతి. ప్రతి అమ్మాయీ ఆ రోజు చదివినదాంట్లో ఒక పేజీ పక్క కుర్చీ అమ్మాయికి చెప్పాలి. పుస్తకం మూసేసి, సొంత మాటల్లో. తర్వాత అక్క వచ్చి అడుగుతుంది. కానీ చదివినామెను అడగదు, విన్నామెను అడుగుతుంది.

"విన్నామె చెప్పాలె," అనేది, ఏళ్ల తరబడి అదే మాట, అదే గొంతు.

ఒకరోజు సూర్యాపేట అమ్మాయి నాకు కాకతీయుల చెరువుల గురించి చెప్పింది. ఎంతో శ్రద్ధగా చెప్పింది, చేతులతో కట్టలు, తూములు చూపిస్తూ. నేను తలూపుతూనే ఉన్నాను. మర్నాడు మా ఇంటికి పెళ్లిచూపులకు వస్తున్నారు, నా మనసంతా అక్కడుంది. అక్క వచ్చి నా ముందు నిలబడింది.

"చెప్పు గుంటూరు."

"చెరువుల గురించండీ."

"చెరువుల గురించి ఏంది?"

"బాగా... తవ్వించారండీ."

హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు. సూర్యాపేట వైపు తిరిగి, "గింతసేపు గోడకు చెప్పినవ్ బిడ్డా. ఏమన్నా అను ఆమెను, ఊకుంటవేంది?" అంది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆ చిన్నబోయిన ముఖం చూపించడానికే అక్క ఆ పద్ధతి పెట్టిందని నాకు ఆ రోజు అనిపించింది.

ఆ తర్వాత ఒకసారి అడిగాను, చదివినవాళ్లను కదా పరీక్ష పెట్టాలి అని. పళ్ల మధ్య సోంపు గింజ కొరుకుతూ చెప్పింది: "చదివినామెకు ఎట్లన్న కొంత మిగుల్తది. ఇన్నామె దగ్గర మిగిలిందా లేదా, గదే ముచ్చట. ఒక మనిషి మాట ఆఖరుదాంక ఇననోళ్లు పుస్తకం ఆఖరుదాంక ఎట్ల చదువుతరే?"

నాకు ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. పెళ్లయింది, మీర్‌పేట్‌లో ఇల్లు తీసుకున్నాం, పాప పుట్టింది, తర్వాత చిన్నాడు. కరోనాలో అక్క హాలు మూతపడిందని గ్రూపులో చూశాను. బాధపడుతున్న బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

పాప మూడో తరగతికి వచ్చాక క్లాస్ టీచర్ ఫోన్ చేసింది. "పాప ప్రశ్న మొత్తం చదవట్లేదండీ. మొదటి లైను చూసి జవాబు రాసేస్తోంది. పాఠం చదవమంటే రెండు లైన్లు చదివి మిగిలింది ఊహించి చెబుతోంది. వచ్చే ఏడాదికి పాఠాలు పెద్దవవుతాయి. ఒకసారి ఎవరికైనా చూపించండి," అంది.

ఆ మాట నన్ను తినేసింది. ఇంట్లో పాపను కూర్చోబెట్టి చదివించాను. నిజమే. కథలో కుందేలు అని కనపడగానే పరిగెత్తింది, గెలిచింది, అయిపోయింది అని చెప్పేసింది. ఆ కథలో పందెమే లేదు. పిల్లల్లో ఏకాగ్రత ఎందుకు పోతోందని ఫోన్‌లో వెతికాను. ఒకటి తెరిచి సగం చదవడం, అందులో ఇంకో లింకు నొక్కడం, దాంట్లోంచి ఒక డాక్టరమ్మ వీడియో, ఆ వీడియో సగంలో ఆపి వేరొకటి. ఒక గంట తర్వాత చూసుకుంటే పిల్లల చలువ కళ్లద్దాల ధరలు చూస్తున్నాను. ఏ ఒక్కటీ చివరిదాకా చదవలేదు. పాప అంతసేపూ నా ఎదురుగానే కూర్చుని ఉంది.

అలాంటి రోజుల్లో అక్క కనపడింది. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఎల్బీనగర్ వైపు వస్తున్నాను. నా ముందు ఒకామె ఫోన్ చూస్తూ కూర్చుంది. జడలో రెండు వైపులా నెరిసిన పాయలు. మెడ కొంచెం కూడా కదలడం లేదు. ఎల్బీనగర్ ఆఖరి స్టేషను, అందరూ దిగిపోయారు. ఆమె దిగలేదు. తలుపులు మూసుకునేలా ఉంటే ఎవరో ఏమో, దిగాలి కదా అని భుజం తట్టాను. తలెత్తింది.

"గుంటూరు," అంది వెంటనే. ఇన్నేళ్ల తర్వాత ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ప్లాట్‌ఫారం మీద నిలబడే మాట్లాడుకున్నాం. ఎల్బీనగర్‌లోనే ఒక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉంటోంది. కోచింగ్ యాప్ ఒకదానికి పనిచేస్తోందట. పిల్లలు గ్రూపుల్లో డౌట్లు పంపుతారు, ఈమె వెంటవెంటనే జవాబులు పెట్టాలి. ఆలస్యమైతే పైవాళ్లు అడుగుతారు. అలా చెబుతుండగానే చేతిలో ఫోన్ మోగింది, మాట సగంలో వదిలి వేలితో ఏదో రాసింది, మళ్లీ తలెత్తి "ఏమంటున్న?" అంది.

నేను పాప సంగతి చెప్పాను. "స్కూలు ఆటో మీ సందు మీదుగానే వెళ్తుందక్కా. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మీ దగ్గర కూర్చుంటుంది. మమ్మల్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టండి, చాలు," అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది.

"నాగ్గూడ ఒస్తలేదే ఇప్పుడు," అంది. "పేపర్ పట్టుకుంటే సగం కాడ ఫోన్ యాదికొస్తది. మళ్ల మొదటికెళ్లి చదువుత. మళ్ల గదే సగం కాడ ఆగుత. నా దగ్గరెందుకు పట్టుకొస్తవ్ పోరిని?"

ఊరికే అంటోంది అనుకున్నాను. పెద్దవాళ్లు మొహమాటానికి అనే మాట అనుకున్నాను.

అలా పాప ఆమె దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టింది. పెద్దమ్మా అని పిలిచేది. అక్క పాపను పట్నం అని పిలిచేది, ఇక్కడే పుట్టింది కాబట్టి. మొదటిరోజే పాపకు నిజం చెప్పేసిందట: "నువ్వు సగం కాడ ఉరుకుతవ్, నేను సగం కాడ ఉరుకుత. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుందాం." ఆ హాట్‌ప్యాక్ ఇంకా ఉంది. పాప చదివినంతసేపూ అక్క తన ఫోన్ అందులో పెట్టేది. మూత మీద చెయ్యి వేసి కాపలా కూర్చునేది పాప.

సాయంత్రం నేను గుమ్మం దగ్గరకు రాగానే అక్క లేచి నిలబడేది. పాప చదివిన కథ నాకు తను చెప్పాలి, ఎందుకంటే విన్నది తను. పాప పక్కన నిలబడి, తప్పు దొరుకుతుందా అని కళ్లు పెద్దవి చేసుకుని చూసేది.

"గిది ఇన్నంకనే పిల్లను తీస్కపో," అనేది అక్క. "రసీదు ఇయ్యాలె గదా."

"పెద్దమ్మా, పిల్లి కాదు, తోడేలు!"

"తోడేలే. పిల్లి అన్ననా? నా నోట్ల పిల్లి ఎట్లొచ్చింది?"

ఇద్దరూ నవ్వేవాళ్లు. పాప నవ్వు మెట్లు దిగేదాకా ఆగేది కాదు. కొన్ని వారాలకు టీచర్ డైరీలో ఒక వాక్యం రాసింది, ప్రశ్నలు ఇప్పుడు పూర్తిగా చదువుతోంది అని. ఆ డైరీ పట్టుకుని ఆటోలో కూర్చుని నేను ఏడ్చాను.

తర్వాత ఏదో పెద్ద నోటిఫికేషన్ పడింది. ఊరంతా దరఖాస్తులు పెట్టారు. అక్క ఫోన్ మోగడం ఆగలేదు. హాట్‌ప్యాక్ లోపల గుర్రుమనే చప్పుడుకు ఆమె కుర్చీలో కదిలేదట, లేచి మూత తీసేదట, మళ్లీ పెట్టేదట. కొన్నాళ్లకు ఫోన్ మూతమీదికి వచ్చింది. ఇంకొన్నాళ్లకు ఒళ్లోకి వచ్చింది. పని అయ్యాక కూడా చెయ్యి దాన్ని వదిలేది కాదు. జవాబు పెట్టేసి, ఏదో బొమ్మ కదిలితే చూసేది, దాని కింది బొమ్మ చూసేది. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఒక ఆవిడ మామిడికాయ ముక్కలు కోస్తున్న వీడియో నడుస్తోంది. అక్కకు పచ్చళ్లు పడవు, నోట్లో పుండ్లు వస్తాయని ముట్టదు.

గుమ్మం దగ్గర కథలు చిన్నవయ్యాయి. "ఒక రాజు ఉండె. మంచిగనే అయింది ఆఖర్న." పాప మొదట్లో సరిదిద్దింది. తర్వాత సరిదిద్దడం మానేసింది. ఆ మానేయడం నేను గమనించాను, గమనించి కూడా డైరీలోని ఆ వాక్యాన్ని గుర్తు చేసుకుని ఊరుకున్నాను.

ఒక సాయంత్రం ఆటోలో పాప అంది: "అమ్మా, పెద్దమ్మ ఇంటలేదు."

మా ఇంట్లో 'వినట్లేదు' అంటాం. ఆ మాట ఆ ఇంట్లోంచే తెచ్చుకుంది.

"పెద్దవాళ్లను అలా అనకూడదు," అన్నాను.

"కానీ ఇంటలేదు."

"పెద్దమ్మకు పని ఉంటుంది కదమ్మా. నువ్వు చదువుతూ ఉండు."

"ఎవరికి చదవాలి?" అంది పాప. నేను ఏం చెప్పానో గుర్తు లేదు. ఏదో చెప్పే ఉంటాను.

ఆ తర్వాత వచ్చినదే చెప్పులు లేని రోజు.

"ఈన్నే ఉండె," అని అక్క అనగానే నేను మెట్లు దిగిపోయాను. అక్క నా వెనక చెప్పులు లేకుండా వచ్చింది. సందులో లేదు. మూలన కిరాణా కొట్టు దగ్గర లేదు. సందు దాటితే మెయిన్ రోడ్డు. ఫ్లైఓవర్ కింద విజయవాడ, విజయవాడ అని అరిచే ప్రైవేటు బస్సులు, హయత్‌నగర్ ఆటోలు, లారీలు, హారన్లు. ఆ వెలుతురులో, ఆ పొగలో ఎనిమిదేళ్ల పిల్ల ఎంత ఎత్తుంటుందో నాకు గుర్తురావడం లేదు. ప్రతి స్కూలు యూనిఫారం మా పాపదే అనిపించింది. అక్క అవతలి వైపు పరిగెత్తుతూ "పట్నం, ఓ పట్నం" అని పిలుస్తోంది. జనం నవ్వుతున్నారు, ఊరి పేరు పెట్టి ఎవరిని పిలుస్తోందని. ఆమె ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. నా ఫోన్ చేతిలోనే ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఎవరికి చేయాలి?

రోడ్డు మధ్యలో డివైడర్ దగ్గర జామకాయల బండి ఉంది. ఆ బండి ఆమె ఒక చేత్తో కాయలు తూస్తూ, ఇంకో చేత్తో మా పాప మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"నీ పిల్లేనా? సగం రోడ్డు దాటింది ఒక్కతే. మెట్రో కాడికి పోతదంట, అమ్మకు ఏందో చెప్పాల్నంట," అంది.

నన్ను చూడగానే పాప ముఖం విప్పారింది. "అమ్మా, అయిపోయింది, మొత్తం చదివా," అంది. నేను వీపు మీద కొట్టాను. "నోరు మూసుకో," అన్నాను. అప్పుడే అక్క వచ్చింది. అరికాలు ఎక్కడో కోసుకుని రక్తం కారుతోంది. నేను ఆమె వైపు చూడలేదు. "ఇక చాలక్కా," అన్నాను, అంతే. తిట్టి ఉంటే ఆమెకు ఇంకాస్త తేలికగా ఉండేదేమో.

ఆ తర్వాత పాపను కూడా, చిన్నాణ్ణి చూసుకునే మా అత్తగారి దగ్గరికే దింపించాను. పాప పుస్తకం తీయడం మానేసింది. చదవమంటే మొదటి రెండు లైన్లు చదివి నా ముఖం చూసేది, తర్వాత మూసేసేది. ఎందుకని అడిగితే భుజాలు ఎగరేసేది. పెద్దమ్మ గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం అక్క మీర్‌పేట్ వచ్చింది. పిల్లలు వాళ్ల నాన్నతో బయటికి వెళ్లారు. గేటు బయటే నిలబడింది. చేతిలో పాప కథల పుస్తకం, ఆ రోజు అక్కడ ఉండిపోయినది.

"లోపలికి రండక్కా."

"ఒద్దు. గిది ఇచ్చిపోదామని."

ఇచ్చి వెళ్లలేదు. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత, హాలులో మా చేత చెప్పించినట్టే, కళ్లు నేల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఒక ఏనుగు పిల్ల దాగుడుమూతల్లో కరెంటు స్తంభం వెనక దాక్కుంటుంది. అందరికీ కనపడుతూనే ఉంటుంది. చెవులు ఒక పక్క, తోక ఒక పక్క. కానీ దాని మనసు నొచ్చుకుంటుందని ఎవరూ చెప్పరు. ఇస్త్రీ ఆయన చూసి కూడా చూడనట్టు పోతాడు. పాల ఆమె పోతుంది. చివరికి తల్లి ఏనుగు వస్తుంది, అదే స్తంభం చుట్టూ తిరుగుతూ ఎక్కడుంది నా పిల్ల, ఎక్కడుంది అని వెతుకుతుంది.

అక్క ఆగింది. మధ్యలో ఎక్కడా ఒక్క ముక్క కూడా వదలలేదు.

"నేను ఇన్నది కాదే గిది. తర్వాత చదివిన. మూడు దినాలు పట్టింది నాకు, గీ నాలుగు పేజీలకు," అంది. "ఆ దినం పోరి నాకు మొత్తం చదివింది. అయిపోయింది పెద్దమ్మా, చెప్పు అన్నది. ఊ అన్న. మళ్ల చెప్పు అన్నది. మళ్ల ఊ అన్న. అట్లయితే అమ్మకు చెప్పొస్త అన్నది, దానిక్కూడ ఊ అన్న. చెవులల్ల పడ్డయ్ అన్ని. ఆ రాత్రి పండుకుంటే ఒక్కొక్కటి యాదికొచ్చినయ్. అప్పటిదాంక ఏడున్నయో."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

"చదువుతుందా?" అంది.

"లేదక్కా."

ఆ జవాబుకు ఆమె ముఖం ఎలా మారిందో రాయడం నాకు చేతకాదు. పుస్తకం నా చేతిలో పెట్టింది. సందు చివరిదాకా కుంటుతూ నడిచింది, కాలు ఇంకా మానలేదు. ఒక్కసారి కూడా ఫోన్ తీయలేదు. నేను ఆమెను చూడడం అదే ఆఖరు.

ఈ పొద్దున ఉప్మా గిన్నెల ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, పెద్దమ్మ చనిపోయింది అని చెప్పాను. చిన్నాడికి అర్థం కాలేదు, జీడిపప్పు ఏరుకుంటున్నాడు. పాప చెంచా కింద పెట్టింది.

"నేను చెప్పకుండా వెళ్లిపోయాననా?"

ఇన్ని రోజులూ ఆ పిల్ల లోపల ఏముందో నాకు అప్పుడు తెలిసింది. పొయ్యి ఆపి వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాను.

"కాదు," అన్నాను. "పెద్దమ్మ గుండె జబ్బుతో పోయింది. నువ్వు చెప్పకుండా వెళ్లలేదు, చెప్పే వెళ్లావు. పెద్దమ్మే నాతో అంది. నువ్వు మొత్తం చదివావు, వినే మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చావు. అది తప్పు కాదు. రోడ్డు ఎక్కడం ఒక్కటే తప్పు. నేను కూడా వినను ఒక్కోసారి, ఊ అంటాను కానీ వినను. అప్పుడు నువ్వు పుస్తకం మూసేయకు. బయటికీ వెళ్లకు. వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగు. నేను కసిరినా సరే, వదలకుండా లాగు."